రాళ్ళగుంత మలుపులో ఆగిన కారు

రాళ్ళగుంత మలుపులో బండి ఆగితే దిగి తొయ్యకూడదంటారు. ఎందుకని అడిగితే ఎవరూ తిన్నగా చెప్పరు. ఎప్పుడో ఒకాయన కారు అక్కడ మొరాయిస్తే భార్య దిగి వెనకనుంచి తోసిందట... కారూ ఆయనా మలుపు పక్కనున్న లోతైన క్వారీ గుంత అడుగున దొరికారు. ఆమె ఏమైందో మాత్రం ఎవరికీ తెలియదు.

మా బావ ఇలాంటివి నమ్మడు. ఆయన కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. ఎంత మొండి మిషనైనా ఆయన చెయ్యి పడితే దారికొస్తుంది — సొంత కారు తప్ప. వాన పడితే దానికి జలుబు, ఎండ కాస్తే జ్వరం. సెలవురోజంతా దాని కిందే పడుకుంటాడని అక్క దాన్ని ‘నా సవతి’ అనేది. అమ్మెయ్యమంటే, ఇంకొక్కసారి చూస్తాననేవాడు.

ఆ రాత్రి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది నేనే. తెల్లారేలోగా అమ్మకి ఆపరేషన్, వెంటనే రండి అన్నాను. ఇద్దరూ బయల్దేరారు. కారు దారిలో రెండుసార్లు ఆగింది. ఎలాగో కదిలింది. మూడోసారి ఆగింది —

సరిగ్గా ఆ మలుపులో.

అక్క ఓపిక చచ్చిపోయింది. ఈ తుక్కుని ఎప్పుడో వదిలించుకుని ఉంటే ఈపాటికి అమ్మ పక్కన ఉండేదాన్నని ఏడుస్తూ తిట్టింది. తప్పు తనదేనని బావకి తెలుసు. ఆ తర్వాత ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదట. అక్క దిగి, తలుపు విసిరికొట్టి, తోస్తానని వెనక్కి నడిచింది.

బావ గేరు వేసి, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ముందు దీపాలు కొనఊపిరితో ఉన్నాయి... కాసేపటికి కారు కదిలింది.

అది ఎత్తెక్కే దారి. అయినా కారు బరువే లేనట్టు కదిలింది. వెనకనుంచి ఆయాసం. సన్నటి గొంతు —

“ఇంకొంచెం... ఇంకొంచెం...”

పాపం, ఒక్కతే తోస్తోంది అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి.

అప్పుడు ఆ గుడ్డివెలుతురులో ఎవరో కనిపించారు. కారుకి పది అడుగుల ముందు, గుంత అంచున, అటు తిరిగి నిలబడి ఉంది...

అక్క.

బ్రేకు తొక్కాడు. చక్రాలు బిగుసుకున్నాయి. అయినా కారు కంకర మీద జారుతూనే ఉంది — వెనకనుంచి ఇంకా తోస్తున్నారు. ఉన్న బలమంతా పెట్టి స్టీరింగ్ తిప్పాడు. కారు పక్కనున్న రాళ్ళకుప్పకి గుద్దుకుని ఆగింది.

దిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

అక్క చెయ్యి పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. అమ్మ దగ్గరికి చేరాలన్న తొందరలో ఇద్దరూ ఎక్కడా ఆగలేదు. ఆసుపత్రికి చేరేసరికి తెల్లారింది. అమ్మని అప్పటికే లోపలికి తీసుకెళ్ళిపోయారు. అమ్మ మళ్ళీ కళ్ళు తెరవలేదు.

ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడే బావ ఇదంతా నాకు చెప్పాడు. చెప్పి, అక్కవైపు తిరిగి మెల్లగా అడిగాడు.

“తోస్తానని వెనక్కి వెళ్ళావు కదా... ముందుకెందుకొచ్చావు? అంత అంచున ఎందుకు నిలబడ్డావు?”

అక్క ఆయన ముఖంలోకి అయోమయంగా చూసింది.

“మీరే కదా పిలిచారు... ముందుకెళ్ళి నిలబడు, వెనక్కి మాత్రం తిరగొద్దని.”