ముళ్లు లేని కీకర్

లంచ్ బెల్ ఇంకా మోగుతూనే ఉంది, కెరెన్ ఏడుపు మాత్రం స్కూలు వెనకనుంచి స్టాఫ్ రూమ్ దాకా వినబడింది.

ద్వారకలోని ఆ స్కూలు వెనకాల కొంత ఖాళీ జాగా ఉంది. పోయిన నెల ఐదో క్లాసు పిల్లలు అక్కడ ఇరవై కీకర్ మొక్కలు నాటారు. కీకర్ అంటే మన తుమ్మే. పిల్లకో మొక్క, మొక్కకో పేరు చీటీ.

పంతొమ్మిది మొక్కలు అక్కడక్కడా నాలుగు ఆకులు పోయినా నిక్షేపంగా ఉన్నాయి. కెరెన్ మొక్క మాత్రం ఉత్త పుల్లయి కూర్చుంది. పేరు చీటీ దానికే వేలాడుతోంది.

"మేకలు తినేశాయి మేమ్," అంది కెరెన్ వెక్కుతూ. "బిమ్లా ఆంటీ మేకలే."

ఏడుపు విని వచ్చిన క్లాస్ టీచర్ ఉషా మేడం గార్డును పంపి బిమ్లాను పిలిపించింది. బిమ్లాకు ఎనిమిది మేకలున్నాయి. రోజూ వాటిని ఈ జాగాలోనే మేపుకుంటుంది. చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్ సొసైటీలన్నిటికీ గేట్లున్నాయి మరి.

"రేపట్నుంచి ఇటు రావద్దు," అన్నాడు గార్డు.

బిమ్లా ముఖం చిన్నబోయింది. "ఇంకెక్కడికి తోలుకెళ్లను భయ్యా?" అంది. తరవాత కెరెన్ మొక్క ముందు కూర్చుని, పుల్లను వేలితో తడిమింది. పక్క మొక్కను చూసింది. మళ్లీ పుల్లను చూసింది.

ఆంటీ వేలు ఎక్కడ ఆగిందో కెరెన్‌కు బాగా తెలుసు.

పోయిన శుక్రవారం నీళ్లు పోస్తుంటే ఫ్రెండు నేహాకు ముల్లు గుచ్చుకుంది. తన మొక్క ఎవరినీ గుచ్చకూడదని కెరెన్ అనుకుంది. వాళ్లమ్మ సరళకుమారి నర్సు. అమ్మ బ్యాగులోంచి కట్లు కోసే కత్తెర తెచ్చి, ఒక్కో ముల్లూ ఓపిగ్గా కత్తిరించేసింది. మొక్క ఎంత బుద్ధిమంతురాలిలా ఉందో అని మురిసిపోయింది కూడా.

ఇప్పుడు నోరు విప్పకపోతే తన తప్పు ఎవరికీ తెలియదు. కానీ ఆంటీ మేకలకు రేపు మేత ఉండదు.

"మేమ్," అంది చివరికి, నేల చూపులు చూస్తూ. "ముళ్లు నేనే కత్తిరించాను."

"ఇక్కడ మేకలు తిరుగుతాయనే కదమ్మా, కీకర్ నాటించాను," అంది ఉషా మేడం మెల్లగా.

బిమ్లా ఒక మేకను దగ్గరకు లాగింది. "దీని మూతి చూడు బేటీ, ఎంత సన్నమో. ముళ్ల సందుల్లోంచి ఒక్కో ఆకే లాక్కుంటుంది. అలా తినాలంటే టైమ్ పడుతుంది. ముల్లు గుచ్చుకోగానే విసుగొచ్చి పక్క మొక్కకు పోతుంది. దాని కడుపు నిండుతుంది, మొక్కా బతుకుతుంది. నీ మొక్క దగ్గర దానికి అడ్డేముంది?"

"ఇది చచ్చిపోయిందా ఆంటీ?"

బిమ్లా పుల్లను గోటితో కొద్దిగా గీకింది. లోపల పచ్చగా ఉంది. "లేదు, మళ్లీ చిగురేస్తుంది. మేక కొరికిన కీకర్‌కు ఈసారి ముళ్లు ఇంకా పొడుగ్గా వస్తాయి, చూస్తుండు."

"మరి ఆంటీ మేకలు, మేమ్?" అని అడిగింది కెరెన్.

"రానీ భయ్యా," అంది ఉషా మేడం గార్డుతో.

ఆ సాయంత్రం బిమ్లా ఎండు ముళ్లకంప తెచ్చింది. కెరెన్ దాన్ని పుల్ల చుట్టూ పేర్చింది. చేతులు రెండు చోట్ల గీరుకున్నాయి, అయినా ఊరుకోలేదు.

మూడు వారాలకు చిగురొచ్చింది. చిగురుతో పాటే తెల్లటి లేత ముళ్లూ వచ్చాయి.

నీళ్లు పోయడానికి వచ్చిన నేహా వాటిని ముట్టుకుని, చెయ్యి వెనక్కి లాక్కుంది. "మళ్లీ గుచ్చుకుంది. కత్తెర తెచ్చావా?"

కెరెన్ పెన్సిల్ బాక్సు తెరిచింది. అందులో కత్తెర లేదు. అమ్మనడిగి తెచ్చుకున్న బ్యాండ్ ఎయిడ్‌లు నాలుగున్నాయి. ఒకటి తీసి నేహా వేలికి చుట్టింది. తరవాత మగ్గు అందుకుని, ముళ్లకు తగలకుండా మొక్క మొదట్లో నీళ్లు పోసింది.