మూడు రోజులే మేలుకొనే భూతం

గోమేధికపురం రాజును ఒక మాంత్రికుడు రాతిబొమ్మగా మార్చేశాడు. ఏడోరోజు పొద్దు గుంకేలోగా రాజు బిడ్డల్లో ఒకరు నల్లకొండ మీది కంచుగంట మోగించాలి. లేకుంటే ఆయన ఎప్పటికీ రాయే. గంట మోగించినవారికే పట్టాభిషేకమని మంత్రి చాటించాడు. ఆ మాటే కొంప ముంచింది, పిల్లలూ.

పెద్ద రాకుమారి కాళిందికి చెల్లెలు మంజరి అంటే చచ్చేంత అసూయ. ఇద్దరూ రాత్రికి రాత్రే అడవి దాటి ఒక మునిని సాయం కోరారు. ఆయన ధూమకేశుడనే భూతాన్నిచ్చి, పెద్దదని కాళింది మాటే వినమన్నాడు.

"ఒకటో రోజు, నాలుగో రోజు, ఏడో రోజు పనిచేస్తాను. తక్కిన రోజులు నిద్రే. మనుషుల్ని మాత్రం మొయ్యను," అంది భూతం.

మొదటిరోజు అది దారికడ్డంగా ఉన్న బండను తొలగించింది. ఎదురుగా లోతైన లోయ. అవతల నల్లకొండ మీద గంట నేలమీద పడి ఉంది.

"అక్కా, అది నిద్రపోయే రెండురోజులూ మనం చెట్లు కొట్టి ఉంచుదాం. లేవగానే వంతెన కడుతుంది," అంది మంజరి.

"పనంతా నీదేనని చెప్పుకుని సింహాసనం కొట్టేద్దామనా? నేను రాను."

మంజరి ఒక్కతే దుంగలు నరికింది, నారతో మోకులు పేనింది. నాలుగోరోజు భూతాన్ని అడిగితే కాళింది ఇవ్వలేదు. ఆమెకు దానితో పనేమీ లేదు, చెల్లెలికి దక్కకూడదంతే! రోజంతా దానిచేత విసనకర్రతో విసిరించుకుంటూ కూర్చుంది. ఇంత కుళ్ళు ఎక్కడైనా చూశారా?

ఏడోరోజు భూతం లేచి లోయను చూసింది. "వంతెన కట్టేసరికే పొద్దు గుంకుతుంది. ఇక గంట ఎప్పుడెత్తను?"

తన తప్పు కాళిందికి అప్పుడు తెలిసొచ్చింది. తన మూలంగా తండ్రి రాయిగానే మిగిలిపోతాడు.

"వంతెన వద్దు. ఒక్క దుంగ వెయ్యి. గంటకు మోకు బిగిస్తే నువ్వు లాగి ఎత్తడానికి మిగిలిన పొద్దు చాలు," అంది మంజరి. "కానీ భూతం గంట దగ్గరుంటుంది, దుంగ జారకుండా ఇవతల మనలో ఒకరు పట్టుకోవాలక్కా."

కాళింది గబగబా దుంగమీద కాలు పెట్టింది. అంతలో ఆమెకు గుర్తొచ్చింది, గంటకు మోకు బిగించడం తనకు రాదు. కాలు వెనక్కి తీసుకుంది.

"నువ్వే వెళ్ళు," అంటూ పక్కకు తప్పుకుంది.

మంజరి దాటుతుంటే కాళింది రెండు చేతులతో దుంగను అదిమి పట్టుకుంది. అరచేతులు చీరుకుపోయినా వదల్లేదు. మంజరి మోకు బిగించింది, భూతం గంటను లాగి పైకెత్తింది. ఆఖరి ఎండ ఉండగానే మంజరి గంట మోగించింది. కోటలో రాజు కళ్ళు తెరిచాడు.

పట్టాభిషేకం రోజున మంజరి తలమీద కిరీటం పెట్టింది కాళిందే. పెడుతూ మెల్లగా అంది: "నాకింకా కుళ్ళుగానే ఉందే."

"తెలుసక్కా. దుంగ పట్టుకున్నప్పుడు కూడా ఉందా?"

"ఉంది. ఆ కుళ్ళుతో ఎక్కడ వదిలేస్తానోననే అంత గట్టిగా పట్టుకున్నాను."