పన్నెండో మాట

"ఆగు స్వామీ!"

రాజమౌళి గొంతు చించుకుని అరుస్తాడు.

ప్లాట్‌ఫారం మీద సగం మంది వెనక్కి తిరుగుతారు!

అందరివీ నల్లబట్టలే. అందరి మెడలో మాలలే. అందరూ స్వాములే... ఇందులో దొంగ స్వామి ఎవడు?

వరంగల్ స్టేషన్. చీకటి పడింది. శబరిమల స్పెషల్ కోసం జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక పక్క భజన, ఒక పక్క చాయ్ కేకలు. ఆ గోలలో వినపడక రాజమౌళి ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి చెవి దగ్గర పట్టుకున్నాడు.

"అటు కాదు స్వామీ! వాడు మెట్లెక్కుతాండు. ఎర్ర శాలువా. జల్ది!"

ఫోన్‌లో మాట్లాడుతున్నది సైబర్ క్రైమ్ ఎస్సై సదానందం.

రాజమౌళి మెట్ల వైపు చూస్తాడు.

ఎర్ర శాలువా! చంకలో సంచి!

"మీకెట్ల కనవడ్తాంది సార్?"

"సీసీ కెమెరాలున్నయి గద! ఉరుకున్రి!"

ఉరుకుతాడు. చెప్పుల్లేని కాళ్లు. కంకర రాయి కసుక్కున దిగుతుంది. ఆగడు.

ఆగితే ప్రేమలత బతకదు!

భార్య ప్రేమలత హన్మకొండలో దవాఖానలో ఉంది. గుండెలో కవాటం మార్చాలి. పొద్దున్నే ఆపరేషన్. లోపలికి తీసుకుపోయే ముందే డబ్బు కట్టాలి. ఆ డబ్బంతా ఇదిగో, ఈ ఫోన్‌లోనే, వాలెట్ అనే యాప్‌లో ఉంది... బిట్‌కాయిన్‌గా! తన కిరాణా కొట్టు పక్కనున్న మడిగె గది అమ్మి కొన్నాడు. పెరుగుతుందన్నారు. పెరిగింది కూడా.

ఇందాక సంధ్యాదీపం పెట్టి లేచేసరికి మెసేజ్ వచ్చింది. మీ వాలెట్ ఈ రాత్రికి ఆగిపోతుంది, ఈ లింకు నొక్కండి అని.

నొక్కాడు.

వెంటనే ఫోన్!

"స్వామి శరణం! సైబర్ క్రైమ్ ఎస్సైని. నేను గూడ మాల ఏస్కున్న. మీ వాలెట్‌ల దొంగ వడ్డడు స్వామీ! వాడిప్పుడు వరంగల్ స్టేషన్‌ల ఉన్నడు, జల్ది రాన్రి!"

మాల వేసుకున్నవాడు అబద్ధమాడడు. రాజమౌళి చిన్నప్పటి నుంచీ అదే నమ్మాడు. ఆపరేషన్ సంగతి కూడా ఏడుస్తూ చెప్పుకున్నాడు.

"ఏమైంది స్వామీ? గట్ల ఉరుకుతాన్రేంది?"

రైల్వే కానిస్టేబుల్. ఆడమనిషి. లాఠీ చంకలో పెట్టుకుని అడ్డం వస్తుంది.

రాజమౌళి నోరు తెరుస్తాడు.

"చెప్పకున్రి!" ఫోన్ చెవిలో సన్నగా బుసకొడుతుంది. "స్టేషన్ పోలీసోళ్లు వాడి మనుషులే! మాట బయటవడితే పైసలు మాయం!"

"ఏం లేదు మాతా... బండికి టైమయితాంది!"

అబద్ధం! దీక్షలో ఉండి అబద్ధం! స్వామీ, క్షమించు...

పోలీసే పోలీసును నమ్మొద్దంటాడా? ఒక్క క్షణం అనుమానం వస్తుంది. మెట్లు వచ్చేస్తాయి. అనుమానం కిందే ఉండిపోతుంది.

వంతెన నిండా జనం. ఒక పెద్దాయనను గుద్దుకుంటాడు.

"కండ్లు కనవడ్తలేవా స్వామీ? నా నెత్తి మీద ఇరుముడి ఉన్నది!"

"తప్పయింది స్వామీ!"

"అయ్యప్ప యాడికి పోడు! జర నిమ్మళంగ పో!"

ఫోన్ టిక్ టిక్ మంటుంది. ఇంకో కాల్.

ప్రేమలత!

"ఎత్తకున్రి స్వామీ! లైన్ కట్ అయితే మల్ల దొరకం!"

భార్య ఫోన్ కట్ చేస్తాడు.

వంతెన గోడ మీద పోస్టర్. పోలీసులు ఫోన్‌లో పాస్‌వర్డ్ అడగరు, అనుమానం వస్తే 1930కి ఫోన్ చేయండి అని పెద్ద అక్షరాలు. రాజమౌళి భుజం దాన్ని రాసుకుంటూ పోతుంది. చూపు మాత్రం ఎర్ర శాలువా మీదే.

"స్వామీ! వాడు ఫోన్ తీసిండు! ట్రాన్స్‌ఫర్ కొడ్తాండు! మేం లాక్ వెయ్యాలె. మీ పన్నెండు మాటలు చెప్పున్రి!"

పన్నెండు మాటలా!

ఆ పన్నెండు ఇంగ్లీషు మాటలే వాలెట్ తాళం. ఎవరికీ చెప్పొద్దని యాప్‌లోనే రాసి ఉంది. అందుకే కాగితం మీద కూడా పెట్టలేదు. రోజూ దీపం ముందు కూర్చుని, అష్టోత్తరం చదివినట్టు చదివి బట్టీ పట్టాడు. కొన్ని మాటలకు అర్థం తెలియదు. వరస తెలుసు.

"ఎవ్వలకూ చెప్పొద్దంటరు గద సార్..."

"దొంగలకు చెప్పొద్దు! పోలీసోళ్లకు గాదు! మీ ఇష్టం స్వామీ. పొద్దుగాల మాతను లోపటికి తీస్కపోకుంటే నన్ననొద్దు!"

ప్రేమలత ముఖం కళ్ల ముందు తిరుగుతుంది.

"రివర్..."

అంతే! నోరు అందుకుంటుంది. అష్టోత్తరం మధ్యలో ఆపడం ఆ నోటికి అలవాటు లేదు.

"టికెట్... అంబ్రెల్లా... లెమన్... గార్డెన్..."

కాళ్లు ఉరుకుతూనే ఉన్నాయి.

"మంకీ... బాస్కెట్... కాపర్..."

అదిగో! అవతలి మెట్లు దిగుతున్నాడు!

"విండో... పెన్సిల్..."

చెయ్యి చాస్తాడు!

"సిల్వర్..."

దూకుతాడు!

శాలువా చిక్కింది! ఇద్దరూ దొర్లుకుంటూ వచ్చి మెట్ల కింద పడతారు!

"దొంగా! నా పెండ్లాం ఆపరేషన్ పైసలురా అవి!"

"నువ్వు దొంగ! నా పైసలు మింగింది నువ్వు!"

గొంతులు పట్టుకుంటారు. మాలలు చిక్కుపడతాయి.

నేల మీద ఫోన్... కాదు, రెండు ఫోన్లు! రెండూ స్పీకర్‌లోనే!

"స్వామీ, లైన్ల ఉన్నరా?"

రెండు ఫోన్లలోంచీ ఒకే గొంతు! ఒకే మాట! ఒకేసారి!

ఇద్దరి చేతులూ వదులవుతాయి.

"ఎస్సై... సదానందం..." రాజమౌళి గొణుగుతాడు.

"నాకు గూడ ఆయ్‌నే..." ఎర్ర శాలువా మనిషి రొప్పుతుంటాడు. "నా పేరు మల్లికార్జున్. మాది పాలకుర్తి. మొన్న నా బిట్‌కాయిన్లు పోయినయి. వాపస్ ఇప్పిస్తమని స్టేషన్‌కు రమ్మన్నరు. దొంగ వెంటవడ్డడు, చిక్కితే సంపుతడన్నరు. యాడున్నవు, ఏం కప్పుకున్నవు అని అడుగుతనే ఉన్నరు. చెప్పుకుంట ఉరికిన..."

సీసీ కెమెరా లేదు! ఈయన మాటలే ఆ కెమెరా!

దొంగ ఈ స్టేషన్‌లోనే లేడు. ఎక్కడో చల్లగా కూర్చుని ఇద్దరినీ ఉరికించాడు. ఉరికేవాడు ఆలోచించడు కదా!

"ఆఖరిది చెప్పున్రి స్వామీ! ఒక్కటే మిగిలింది!"

రాజమౌళి ఫోన్ అందుకుంటాడు. ఎర్ర గుర్తు మీద బొటనవేలు గుద్దుతాడు.

కాల్ కట్!

"అయ్యప్పా... గట్టెక్కించినవు తండ్రీ!"

నవ్వుతాడు. ఏడుస్తాడు. ప్రేమలతకు ఫోన్ కలుపుతాడు.

"ఎటు వోయిన్రు స్వామీ? ఫోన్ ఎందుకు కట్ చేసిన్రు? నాకు భయమైతాంది."

"వస్తాన ప్రేమా. ఫికర్ చెయ్యకు. పైసలు భద్రం! పొద్దుగాల కట్టేస్త!"

మల్లికార్జున్ లేవడు. రాజమౌళి ముఖం చూస్తూనే ఉంటాడు.

"ఎన్ని మాటలు చెప్పినవు స్వామీ?"

"పదకొండు. అసలుది నా నోట్లెనే ఉన్నది!"

మల్లికార్జున్ కళ్లు మూసుకుంటాడు.

"తాళానికి వాడే మాటలు మొత్తం రెండు వేలే స్వామీ. ఆ ఒక్కటి వాళ్ల కంప్యూటర్ ఎతుక్కుంటది. రెప్పపాటుల..."

"నీకెట్ల ఎర్క?"

"నేను గూడ పదకొండే చెప్పిన."

చెవిలో ప్రేమలత అడుగుతూనే ఉంది. "స్వామీ... ఇంటాన్రా? స్వామీ..."

ఆమె మాట మధ్యలో వాలెట్ యాప్ నుంచి మెసేజ్ వస్తుంది.

టింగ్!