ఎర్తు గుంతకు బిందెడు నీళ్ళు

మా సావుకారి కారుకు రెండు నోళ్ళు. ఒక నోట్లో పెట్రోలు పోయాలి, ఇంకో నోట్లో కరెంటు వైరు పెట్టాలి. బెంగుళూరులో ఎవరో వాడి వదిలించుకున్న ప్లగ్-ఇన్ హైబ్రిడ్డును రాఘవేంద్రప్రసాద్ గారు కొని బద్వేలికి తెచ్చారు. ఎరువుల కొట్టు, విత్తనాల కొట్టు, కొండ కింద చీనీ బత్తాయి తోట ఉన్న మనిషి. అంత ఉన్నా ఇంటి మీటరు తిరుగుతుంటే ఆయన ప్రాణం విలవిల్లాడేది. అందుకే కారుకు తోటలోనే మేత. రైతుల బోర్లకు సర్కారు ఊరికే ఇచ్చే కరెంటు కదా, బిల్లు రాదు.

“పుక్కటగా వస్తాంటే దుడ్డు పెట్టి కొనేవాడు పిచ్చోడురా హెన్రీ” అనేవాడు.

నేను ఆయన డ్రైవరును. ఆ కార్లో చెప్పులతో ఎక్కకూడదు. ఆయనా ఎక్కడు, నన్నూ ఎక్కనివ్వడు. చెప్పులు డిక్కీలో పడేసి వట్టికాళ్ళతో ఎక్కాలి. దేవుడి దగ్గర కూడా ఆయనకు అంత మర్యాద ఉండేది కాదు.

ఆ చార్జరుకు ఒక పట్టింపు ఉంది. భూమిలోకి మంచి ఎర్తు లేకపోతే ఎర్ర లైటు చూపించి మొరాయిస్తుంది. అందుకని పోయిన డిసెంబర్లో బోరు షెడ్డు పక్కనే మనిషి లోతు గుంత తవ్వించారు. అందులో ఇనుప పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ వరసలుగా పోసి పూడ్చాలి. ఉప్పు మూటలు నేనే తెచ్చి దించాను. మరుసటి పొద్దున వెళ్ళేసరికి గుంత పూడ్చేసి ఉంది. తోట కాపలా మారెన్న రాత్రికి రాత్రే అంత పని చేశాడంటే ముచ్చటపడ్డాను కూడా.

ఎండలు ముదిరాక ఎర్తు ఆరిపోకూడదని, చార్జింగు పెట్టే ముందు పైపు చుట్టూ బిందెడు నీళ్ళు పోయడం నా వంతు. పోసిన నీళ్ళు పోసినట్టే దిగిపోయేవి. గుటక్... గుటక్... అని లోపల చప్పుడు.

“ఇది గుంతనా, తాగుబోతునా మారెన్నా?” అని నేను నవ్వితే, ఆయన అటు తిరిగి నిలబడేవాడు.

తోటలో నవ్వేవాణ్ణే గానీ, ఇంట్లో మాకు నవ్వు లేదు. అదే డిసెంబర్లో మా బామ్మర్ది నవీన్ కనపడకుండా పోయాడు. మా చర్చిలో డోలక్ వాయించేవాడు. క్రిస్మస్ పాటలకని డోలక్ భుజాన వేసుకుని పక్కపల్లెకు పోయి, తిరిగి రాలేదు. ప్రతి పాటకూ ముందు వాడు వేసే దరువు ఒకటుండేది. టక్... టకటక్... టక్. అది వినపడితే పాస్టరు జ్ఞానరాజు గారి పాదం కూడా ఆడేది. పోలీసులు ఏ పిల్లతోనో బెంగుళూరు పోయుంటాడన్నారు. “బావా” అని నా వెనకే తిరిగినవాడు, నాకు చెప్పకుండా ఎక్కడికి పోతాడు?

మా ఆవిడ జెస్సీ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. రాత్రిళ్ళు తలుపు గొళ్ళెం పెట్టనిచ్చేది కాదు. “ఎట్లన్నా రానీ మామా” అనేది. “కాళ్ళు చేతులు లేకుండా వచ్చినా సరే. ఇంటికి రానీ.” వాడు దొరక్కపోతే ఈమె కూడా నాకు దక్కదని తెలిసిపోయింది. నాకు వేరే ఏ కోరికా లేకుండా పోయింది.

ఆ రోజు రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. పొద్దున్నే తోటలో చార్జింగు ముగించుకుని సావుకారితో కడపకు బయల్దేరాను. కరెంటు మీద నడిచేటప్పుడు ఆ కారుకు చప్పుడే ఉండదు. ఏసీ ఊదే గాలి తప్ప ఏమీ వినపడదు. కిటికీ అవతల ఎండిన చేలు, సర్కారు తుమ్మలు, వాటి పైన తెల్లగా మండిపోయే ఆకాశం.

ఉన్నట్టుండి ముందు బ్రేకు బొమ్మ ఎర్రగా వెలిగింది. ఆ వెంటనే స్టీరింగు బొమ్మ. ఎయిర్‌బ్యాగు. జారిపోయే కారు బొమ్మ. తాబేలు బొమ్మ. ఒకదాని తర్వాత ఒకటి, ఎదురుగా చోటు లేకుండా వెలిగిపోయాయి.

“ఏందిరా ఇది, దీపావళి చేస్తాండావా?” అన్నాడు వెనక సీట్లోంచి.

పక్కకు ఆపాను. కారు పూర్తిగా ఆపేసి, తాళం వేసి, కాసేపుండి మళ్ళీ తీశాను. అట్లే వెలిగి ఉన్నాయి. డిక్కీ తెరిచి, చిన్న బ్యాటరీ వైరు ఊడదీసి మళ్ళీ బిగించాను. అన్నీ ఆరిపోయాయి. దేవునికి స్తోత్రం అనుకుని కొంచెం దూరం పోయానో లేదో, మళ్ళీ అన్నీ ఒక్కసారిగా వెలిగాయి. కారులో బలం పోయింది. ఎద్దులబండి కూడా మమ్మల్ని దాటిపోయేట్టుంది.

షోరూం మెకానిక్కుకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

“చిన్న బ్యాటరీ వీకైతే ఇట్ల అన్నీ ఒకేసారి వస్తాయన్నా” అన్నాడతను.

“మొన్ననే కొత్తది వేసినాం.”

“చార్జింగు యాడ పెడతారు?”

“తోటలో.”

“అట్లయితే ఎర్తు చూసుకోండి. ఎర్తు చెడిపోతే కరెంటు బాడీలోకి దిగుతాది. శానా డేంజరు. పైపు చుట్టూ తవ్వి, వైరు తెగిందేమో చూడండి. అంతవరకు దూరం పోవద్దండి.”

ఫోన్ పెట్టేశాను. అద్దంలో చూస్తే సావుకారి మొహం పాలిపోయి ఉంది.

“తవ్వేదేమీ వద్దు” అన్నాడు. “కడపకే పో.”

పోలేదు. కారు కదిలితే కదా! కనీసం బద్వేలులో మెకానిక్కుకు చూపిద్దామని వెనక్కి తిప్పాను. తిప్పగానే లైట్లన్నీ ఆరిపోయాయి. కారు పరుగందుకుంది. సరే బాగైంది కదా అని మళ్ళీ కడప వైపు తిప్పితే మళ్ళీ అన్నీ వెలిగాయి. తోట వైపు ముఖం పెడితే ఆరిపోతున్నాయి. కారుకు కూడా వాస్తు చూపించాలేమోనని ఎగతాళిగా అనుకున్నాను.

అప్పుడు విన్నాను. డ్యాష్‌బోర్డు లోపల ఏదో కొట్టుకుంటోంది. వేడికి రిలే అనే చిన్న స్విచ్చు కొట్టుకుంటుంది, మామూలే. కానీ...

టక్... టకటక్... టక్.

ఏసీ ఆపేశాను. చెవి పెట్టాను.

టక్... టకటక్... టక్.

“నవీన్?” అన్నాను.

వెనక సావుకారి రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు.

“ఆ చప్పుడు ఆపురా... ఆపు.”

దాంతో నాకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. నేరుగా తోటకు తోలాను. దిగు, ఆపు అని ఆయన నా భుజం మీద గుద్దుతూనే ఉన్నాడు. నేను ఆపలేదు.

మిట్టమధ్యాహ్నం. తోటలో ఒక్క పిట్ట అరవడం లేదు. చీనీ చెట్ల నీడలు కాళ్ళ కిందికి ముడుచుకుపోయాయి. షెడ్డులో బోరు మోటారు ఒక్కటే గుయ్యిమంటోంది. ఉప్పు తడిసిన వాసన, బొగ్గు వాసన, వాటి కింద వెంట్రుకలు కాలిన వాసన. ఆ వాసన కారులోనూ ఉంది.

దిగి డిక్కీలోంచి నా రబ్బరు చెప్పులు వేసుకున్నాను. ఎర్తు సంగతి తేల్చుకుందామని వైరు తెచ్చి కారుకు పెట్టాను. చార్జరు మీద ఎర్ర లైటు వచ్చింది. అలవాటు కొద్దీ బిందెడు నీళ్ళు తెచ్చి పైపు చుట్టూ పోశాను. గుటక్... గుటక్... ఈసారి ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ తాగినట్టు వినపడింది. బిందె కింద పడేశాను.

గడ్డపార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాను. అప్పుడే షెడ్డు వెనక నుంచి మారెన్న పరుగెత్తుకొచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు.

“తవ్వొద్దప్పా హెన్రీ... నీకు దండం పెడతా.”

“ఏముండాది ఇందులో?”

“అడవి పందులకని రాత్రిపూట తీగ పెట్టమన్నాడు సావుకారి సామి. కరెంటు తీగ. ఆ పిల్లోడు తోటకడ్డంగా వచ్చినాడు. తీగ పట్టేసింది. నేను పరిగెత్తి వచ్చేసరికి... చెయ్యి ఇంకా డోలకు మీద కొట్టుకుంటానే ఉండాది. టక్ టక్ అని. గుంత తవ్వి పెట్టినాము కదా అని సామి...”

మాట పూర్తి కాలేదు. సావుకారి కారులోంచి వట్టికాళ్ళతో దూకి, షెడ్డు గోడకు ఆనించిన పార అందుకుని మారెన్న తల మీద కొట్టాడు. కొబ్బరికాయ పగిలిన చప్పుడు. మారెన్న చెవి వేలాడిపోయింది. రక్తం ఉప్పు మట్టిలో పడి నల్లగా ఇంకింది. ఆయన రెండో దెబ్బ నా మీదికి ఎత్తాడు. భుజం ఎముక విరిగింది, నాకే వినపడింది. బురదలో వెల్లకిలా పడ్డాను. పార నా మొహం మీదికి లేచింది. గట్టిగా దెబ్బ వేయడానికి ఆయన కాళ్ళు ఎడం చేసి, ఎడమ చెయ్యి కారు బానెట్ మీద ఆనించాడు.

నేను పోసిన నీళ్ళలో ఆయన వట్టికాళ్ళు...

పట్టేసింది.

పార కింద పడింది. నోరు తెరుచుకుంది, అరుపు రాలేదు. పళ్ళు ఒకదానికొకటి కొట్టుకుని నాలుక తెగి గడ్డం మీద వేలాడింది. కళ్ళలోంచి, ముక్కులోంచి రక్తం. బానెట్ మీద చర్మం అతుక్కుని పొగ లేస్తోంది. కారులో ఎవరూ లేరు. అయినా లోపల లైట్లన్నీ వెలుగుతున్నాయి.

“ఫ్యూజులు... ఫ్యూజులు పీకు!” అని అరిచాను.

చచ్చిపోయాడనుకున్న మారెన్న రక్తం కారుకుంటూ పాకి, షెడ్డులోకి పోయి, ఫ్యూజులన్నీ పీకేశాడు. మోటారు గుయ్యిమని ఆగిపోయింది. తోటంతా నిశ్శబ్దం. ఫ్యూజులు మారెన్న పిడికిట్లోనే ఉన్నాయి, నేను చూశాను.

సావుకారి కింద పడలేదు.

ఆయన చెయ్యి బానెట్ మీద లేచింది. పడింది. మళ్ళీ లేచింది.

టక్... టకటక్... టక్.

కరెంటు లేదు. ప్రాణం కూడా లేదు, కళ్ళు అప్పటికే తెల్లబడ్డాయి. చెయ్యి మాత్రం ఆగలేదు. ఎముకలు బయటికొచ్చిన వేళ్ళతో ఒక పాట మొత్తం వాయించింది. ఏ పాటో నాకు తెలుసు. నవీన్ చివరిసారి చర్చిలో వాయించిన పాట. చివరి దరువు పడ్డాక ఆయన బురదలో బోర్లా పడిపోయాడు. కారులో లైట్లన్నీ ఆరిపోయాయి.

పోలీసులొచ్చి గుంత తవ్వారు. ఉప్పూ బొగ్గులూ వాణ్ణి చెడిపోనివ్వలేదు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు, చీలమండల చుట్టూ తీగ కాల్చిన గుర్తు తప్ప. డోలక్ గుండెల మీద పెట్టి ఉంది. ఇన్నాళ్ళూ నేను రోజూ నీళ్ళు పోసింది మా నవీన్ మీద. అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

పోస్టుమార్టం చేసిన డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

“ఎప్పుడు చనిపోయినాడన్నారు?”

“డిసెంబర్లో సార్.”

ఆయన చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. “పొట్ట నిండా నీళ్ళుండాయప్పా” అన్నాడు మెల్లగా. “చల్లటి నీళ్ళు.”

నేను ఆ మాట జెస్సీకి చెప్పలేదు. మారెన్నను ఆసుపత్రిలో అడిగాను, గుంతలో పెట్టేటప్పటికి ప్రాణం ఉందా అని. లేదని బిడ్డల మీద ఒట్టు వేసి చెప్పాడు.

సమాధుల తోటలో జ్ఞానరాజు గారు ప్రార్థన చేశారు, నవీన్‌ను మట్టిలో పెట్టాం. ఆ రాత్రి జెస్సీ కడుపునిండా అన్నం తింది. తలుపు గొళ్ళెం తనే పెట్టింది.

“ఇంక తీసి పెట్టడమెందుకు మామా? వచ్చేసినాడు కదా” అంది.

ఏదో తృప్తి కొద్దీ అంటోందనుకున్నాను. నిద్రపోతోంది, తింటోంది, నాకదే చాలనుకున్నాను.

మొన్న మధ్యాహ్నం, విరిగిన భుజానికి కట్టు మార్పించుకుని ఇంటికొచ్చాను. కరెంటు లేదు, ఫ్యాను ఆగి ఉంది. పొద్దున నేనే నింపిన స్టీలు బిందె ఖాళీగా ఉంది. కింద తడి లేదు. లోపల చుక్క లేదు. దాని పక్కనే కటిక నేల మీద జెస్సీ పడుకుని ఉంది, గాఢ నిద్రలో. ఆమె చెయ్యి బిందె మీద ఉంది. వేళ్ళు కదులుతున్నాయి.

టక్... టకటక్... టక్.

“జెస్సీ...” గుసగుసగా పిలిచాను.

కళ్ళు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. నా పెళ్ళాం నన్ను ఏనాడూ ‘మామా’ అని తప్ప పిలవలేదు.

“బావా... దప్పిక.”

బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పరుగెత్తాను. ఆ పని నాకు అలవాటే.