చెల్లెలి గురి

తెల్లవారి ఆరింటికి పుష్ప స్టవ్ మీద టీ పెట్టి, అది మరిగేలోపు ఫోన్ తెరిచింది. మూడు రోజులుగా నడుస్తున్న ప్రకటన ఆ పూటకు మొదలైంది. రైతులు లేచి చేలకు పోయేముందు పొట్టి వీడియోలు చూస్తారని ఆమెకు తెలుసు. అందుకే మిగతా చోట్లన్నీ తీసేసి, ప్రకటనను ఆ వీడియోల మధ్యనే, ఆరు నుంచి ఎనిమిది దాకానే వచ్చేట్టు పెట్టింది.

ఎవరికి కనపడాలో ఆ గురి కూడా అలాగే చూసి పెట్టింది. అన్న జైరాం మిరపనారు నర్సరీ చుట్టూ పది కిలోమీటర్లు. దానికి తోడు, మూడేళ్ళుగా అతని దగ్గర నారు కొన్న రైతుల నంబర్లు. జైరాం నంబరుకు మాత్రం ప్రకటన పోకుండా ఆపేసింది. ఊరంతా చూడాలి, అన్న చూడొద్దు. దెబ్బ ఎటునుంచి పడిందో అతనికి అంతుచిక్కొద్దు.

డిగ్రీ అయ్యాక మూడేళ్ళు తండాలో ఇంట్లోనే ఉండి పుష్ప ఆ నర్సరీ ప్రకటనలు నడిపింది. అంత దూరం ఇల్లందు నుంచి కూడా రైతులు వెతుక్కుంటూ వచ్చారంటే ఆమె చలవే. మొన్న ఎండాకాలంలో చుట్టాలంతా కూడిన రోజు, పుష్ప ఏం చేస్తున్నదని మేనమామ అడిగాడు.

"ఏం జేస్తది మామా? పొద్దుందాక ఫోన్ గీకుతది, తింటది. నా కష్టం మీద బతుకుడే" అన్నాడు జైరాం.

అందరూ నవ్వారు. మర్నాడే నర్సరీ పేజీని ఖమ్మంలో ఎవరికో అప్పగించాడు. ఆ వారమే పుష్ప బట్టలు సర్దుకుని చండ్రుగొండ వచ్చి, ఈ గది కిరాయికి తీసుకుంది.

పెనుబల్లిలో నర్సరీ ఉన్న వెంకటప్పయ్య పనిచ్చాడు. "మీ వైపు రైతులు మా దగ్గరకి రావాలమ్మాయ్. చెయ్యగలవా?" అన్నాడు.

"వాళ్ళ సంగతి నాకంటే ఎవరికి తెల్సు సార్?" అంది.

ఆయన చెప్పమన్నది తన నారు గురించే. 'మీ పక్క ఊరి నారులో బొబ్బర తెగులుంది, మోసపోకండి' అన్న మాట మాత్రం పుష్ప సొంతంగా రాసింది. అబద్ధమని తెలిసే రాసింది. ఆయన చదవకుండానే సరేనన్నాడు.

నిన్నటికే నాలుగు వేల మంది చూశారు. 'చూడాలె. ఆనాడు నవ్వినోళ్ళు గూడ చూడాలె' అనుకుంటూ టీ వడపోసింది.

తలుపు దబదబా మోగింది. వదిన ద్వాలి! మొదటి బస్సుకే వచ్చినట్టుంది, చేతులకు మట్టి కూడా కడుక్కోలేదు. గడపలోనే నిలబడి ఫోన్ ముందుకు చాపింది.

"గిది నీ పనేనా?"

పుష్ప తెర వైపు చూసింది, తను పెట్టిన ప్రకటనే. అన్న నంబరు ఆపింది గానీ వదిన సంగతే మరిచింది.

"కాదనకు" అంది ద్వాలి. "'గుండె మీద చెయ్యేసుకుని కొనండి' అని ఇండ్ల ఉన్నది నీ మాటే. మా ప్రకటనలకు నువ్వే రాసేదానివి."

"అవ్, నేనే! ఇంట్ల కూసొని తింటనన్నడు గదా. ఫోన్ గీకితె ఏమైతదో తెల్వాలె."

"ఆయనకేం తెల్వలే పుష్పా, గదే నా ఏడుపు. తెగులున్నదట గదా అని రైతులంటుంటే నిజమే గావచ్చనుకున్నడు. ఒక్కొక్క మొక్క పీకి ఆకు తిప్పి చూసిండు. ఏం కనపడలే. అయినా నిన్నటి సంది ట్రేలకు ట్రేలు గుంతల పూడుస్తుండు. ఎవల చేను పాడైనా ఉసురు తగుల్తదంటుండు. నేను పోసిన నారు పుష్పా!"

అన్న రంకెలు వేస్తాడని పుష్ప అనుకుంది. తన నారునే అనుమానిస్తాడని కలలో కూడా అనుకోలేదు. ప్రకటన ఆపేసింది. టీ అట్లాగే వదిలేసి వదిన వెంట బస్సెక్కింది.

నర్సరీలో షేడ్‌నెట్ పందిరి కింద సగం నారు ట్రేలు ఖాళీ. జైరాం గుంత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఆపు! నారు మంచిదే. తెగులని రాసింది నేనే."

జైరాం ఆమె ఫోన్ తీసుకుని ప్రకటన రెండుసార్లు చదివాడు. ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"నలుగుర్ల గట్ల అనుడు నాదే తప్పు. నన్ను తిట్టినా పడుదును, కొట్టినా పడుదును. నారేం జేసింది పుష్పా నిన్ను?"

ఆ మాటకు పుష్ప అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, ముందు వెంకటప్పయ్యకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది.

"నా పేరు పెట్టి ఎంత పని చేశావమ్మాయ్!" అన్నాడాయన. ఆ పని పోయింది.

"వదినా, వీడియో తియ్యి. చూసినోళ్ళందరికీ నిజం చేరాలె" అంటూ మిగిలిన ట్రేల మధ్య నిలబడింది.

"ఈ నర్సరీల తెగులు లేదు. కోపంతోని అబద్ధం రాసింది నేను. నా పేరు పుష్ప, జైరాం చెల్లెల్ని..."

జైరాం లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మా నర్సరీ మీకు తెల్సిందే ఈ పిల్ల వల్ల. దాని కష్టం నేను తిని, అదే తిన్నదని నలుగుర్ల అంటి" అన్నాడు, ఫోన్ వైపు చూడలేక.

పుష్ప అన్న మట్టిచేతిని గట్టిగా పట్టుకుంది. ద్వాలి వీడియో ఆపుదామని చూసింది. కళ్ళనిండా నీళ్ళు, ఎక్కడ నొక్కాలో కనపడలేదు.