ఎర్ర దారం కట్టిన చువ్వ

మా ఊరు హెల్వాన్‌లో ఇనుప చువ్వలు పరీక్ష చేసే షెడ్డు ఒకటుంది. పదేళ్లుగా నేనే ఊడుస్తున్నాను. అక్కడ పెద్ద బరువు పైనుంచి ధడాలున పడి చువ్వను లాగుతుంది, భూకంపం లాగినట్టు. మంచి చువ్వ సాగి, నడుము సన్నబడి, అప్పుడు తెగుతుంది. చెడ్డది ఎండుపుల్లలా పుటుక్కుమంటుంది. తెగిన రెండు ముక్కల్నీ మళ్లీ ఆనించి, ఎంత సాగిందో కొలుస్తారు. జతలు తారుమారు కాకుండా, ఆ పరీక్షలు చేసే బిషాయ్ బాబాయ్ ఒక్కోదానికి ఎర్ర దారం, చీటీ కట్టేవాడు. ఆయన పోయి ఏడాది.

ఆ రోజు వచ్చిన చువ్వల్లో మా అమ్మాయి నర్గిస్ కాపురం పెట్టబోయే కొత్త మేడవి ఉన్నాయి. గురువారమే పెళ్లి.

బాబాయ్ స్థానంలో వచ్చిన వగ్దీ తెగిన ముక్కలన్నీ ఒకే డబ్బాలో గుమ్మరించాడు. సుద్దతో వేసిన నంబర్లు చెరిగిపోయాయి. అతుకు కుదిరినవాటిని కలిపి కొలిచి రాసేశాడు.

"మీ మేడ బంగారం, ఉమ్ నర్గిస్! పెళ్లి మిఠాయి బస్బూసా ఒక పళ్లెం నాకే," అన్నాడు. నర్గిస్ తల్లినని అందరూ నన్నలాగే పిలుస్తారు.

ఏది దేనిదో ఎలా తెలిసింది బాబూ అని అడగాలి. అడగకుండా చీపురు అందుకున్నాను.

అందరూ వెళ్లాక నేల కడుగుతున్నాను. పొద్దు వాలింది. మిషను ఆపేసే ఉంది... అయినా కాలిన ఇనుము వాసన. కిర్ర్... ఏదో సాగుతున్న చప్పుడు. సాగుతూనే ఉంది.

టక్.

తిరిగి చూశాను. డబ్బా ఖాళీ. ముక్కలన్నీ బల్ల మీద, జతలు జతలుగా. ఎర్ర దారాలు. చీటీల మీద బిషాయ్ బాబాయ్ వంకర రాత. నర్గిస్ మేడవి ఐదు జతలు. ఒక్కదానికీ నడుము సన్నబడలేదు. ముట్టుకుంటే... వేడి.

పొద్దున నోరు విప్పాను. "ఆ మేడ చువ్వల్లో కొత్తవి తీసి మళ్లీ లాగండయ్యా."

"దారాలు నువ్వే కట్టి నన్ను ఆడిస్తున్నావా?" అన్నాడు వగ్దీ. లాగాడు. పుటుక్కు. ఐదూ పుటుక్కే. ఆ తర్వాత వాడు నవ్వలేదు.

ఆ మేడ వద్దన్నాను. కొత్త జంటను మా ఇంట్లోనే, పై గదిలో పెట్టుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను.

నిన్న సాయంత్రం బట్టలు తీయడానికి డాబా ఎక్కాను. ఎప్పటికైనా ఇంకో అంతస్తు వేద్దామని స్తంభాల్లోంచి వదిలేసిన చువ్వలు ఎప్పట్లాగే నిలబడి ఉన్నాయి. ఒకదానికి ఎర్ర దారం.

చీటీ కూడా ఉంది. ఇంకా ఏమీ రాయలేదు.

చువ్వ మీద చెయ్యి వేశాను. ఎండ పోయి చాలా సేపైంది... వేడిగా ఉంది. నడుము దగ్గర, నా వేళ్ల కింద, మెల్లగా సన్నబడుతోంది, తెగబోయే ముందులా.

నా కాళ్ల కింద గదిలో నర్గిస్ పాడుకుంటోంది.