రావులపాలెంలో పాత జావా

"వాళ్ళ కంప్యూటర్ పగలగొట్టకండి, ఎజ్రా గారూ," అన్నాడు చీఫ్ గణేష్‌బాబు, రాజమండ్రి గూఢచారి ఆఫీసులో. "పగిలితే ఇంకోచోట మొదలెడతారు. ప్రోగ్రాం మొరాయించాలి. మన కమాండోలు వచ్చేదాకా వాళ్ళు తల పట్టుక్కూర్చోవాలి."

2003 ఆగస్టు. గోదావరి పోటు మీదుంది. రావులపాలెంలో ఒక అరటిపళ్ళ గోడౌన్‌లో విదేశీ డబ్బుతో నడిచే ముఠా మకాం పెట్టింది. వాళ్ళ ప్రోగ్రాం నడిస్తే వరద లాకుల తలుపులన్నీ ఒక్కసారే లేస్తాయి. దిగువ లంకల్లో పిల్లాజెల్లా ఎవరూ మిగలరు.

ఆ ప్రోగ్రాం జావా అనే కంప్యూటర్ భాషలో, కొత్త వెర్షన్ 1.4లో రాసింది. పాత 1.3 మీద నడవదు. ఒకే కంప్యూటర్లో రెండు వెర్షన్లూ ఉండొచ్చు, కానీ సిస్టమ్ పాత్‌లో, అంటే కంప్యూటర్ వెతుక్కునే వరసలో, ముందున్నదే పలుకుతుంది. పాతదాన్ని ఎక్కించి ముందు నిలబెట్టడమే మిషన్.

ముఠాలో ప్రోగ్రామరుగా చేరిన మన డబుల్ ఏజెంట్ లావణ్యకి ఆ పని వీలుపడదు. ఆమె వేళ్ళ మీదే వాళ్ళ కళ్ళు.

"నింద ఆవిడ మీదే పడుతుంది కదండి?" అన్నాడు ఎజ్రా.

"పడుతుందండి. ఆవిడకి చెప్పలేదు," అన్నాడు చీఫ్.

అయినా ఎజ్రా వెళ్ళాడు.

యూపీఎస్ మెకానిక్కు వేషంలో వచ్చిన అతన్ని చూసి ముఠా నాయకుడు ఉదయభాస్కర్, భోజనం వేళ తినకుండా వెళ్ళడమేమిటని నొచ్చుకున్నాడు. కాపలావాణ్ణి అరిటాకు కోసుకు రమ్మని, కూరలు చూడ్డానికి తనే వంటింట్లోకి వెళ్ళాడు. నడుముకి పిస్తోలున్నా మర్యాద మర్యాదే. ఈలోపు ఎజ్రా పెన్నులో దాచిన పెన్‌డ్రైవ్ తీసి, 1.3 ఎక్కించి, పాత్ మార్చేశాడు. తర్వాత తిన్నాడు. రొయ్యల కూర అద్భుతంగా ఉంది. అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

కంప్యూటర్ నడుస్తుండగా యూపీఎస్‌ని చూడాలంటూ అక్కడే ఉండిపోయాడు. ఎర్ర షిఫాన్ చీరలో లావణ్య వచ్చి, నల్లకళ్ళద్దాలు జుట్టు మీదికి నెట్టి, కమాండ్ కొట్టింది. తెర మీద ఎర్రర్.

ఉదయభాస్కర్ పిస్తోలు తీశాడు. "ఏంటండి ఇది? మీకు తెలియకుండా ఉంటుందా?"

లావణ్య ఆ ఎర్రర్ వరస చదివింది. వెర్షన్ తేడా అని, ఎవరో కావాలనే మార్చారని తెలిసిపోయింది. మెకానిక్కు వైపు ఒక్కసారి చూసింది. అతన్ని చూపిస్తే తను బతుకుతుంది, లంకలు మునుగుతాయి.

"అర్థం కావట్లేదండి," అంది.

"ఏమీ అనుకోకండమ్మా," అని కాల్చేశాడు.

శవాన్ని పక్కకి జరిపి తనే కూర్చున్నాడు. తడుముకుంటూ తడుముకుంటూ కొత్త జావా ఫోల్డరు పట్టుకుని, దాంతోనే ప్రోగ్రాం నడిపే కమాండ్ కొట్టాడు. వేలు ఎంటర్ మీదికి వెళ్తుండగా కమాండోల తూటా అతని మెడలో దిగింది.

ఎజ్రా చీఫ్‌కి ఫోన్‌లో జరిగిందంతా చెప్పాడు.

"ఆవిడ మంచి మనిషండి," అన్నాడు చీఫ్. "ఆవిడ స్థానంలోకి ఇంకొకర్ని వెతకాలి. ఈసారి జావా రానివాళ్ళయితే మేలు. పాపం, చచ్చేముందు అంత ఆలోచించుకునే పని ఉండదు."